సువార్తమ్మత్త పాటల టేపు

ఇన్నేళ్లుగా ఒక మాట నా గొంతులో అడ్డం పడి ఉంది. తెలిసినవాళ్లకు చెప్పలేకపోయాను. మీరెవరో నాకు తెలియదు, అందుకే మీకు చెబుతున్నాను.

ఛత్తీస్‌గఢ్ వేరే రాష్ట్రమైన కొత్తల్లో అక్కడి ఉక్కు కర్మాగారం పక్కన, మా తెలుగువాళ్లుండే ఖుర్సీపార్‌లో నాకు క్యాసెట్ల దుకాణం ఉండేది. సగానికి పైగా దొంగ కాపీలే. సినిమా పాటలు కాపీ కొట్టడానికి నాకెప్పుడూ సిగ్గనిపించలేదు.

సువార్తమ్మత్తది మా వీధే, మా చర్చే. భర్త పోయాక తనే పాటలు కట్టి పాడేది. చేతిగాజులు అమ్మి రాయపూర్‌లో వాటిని రికార్డు చేయించింది. కీబోర్డు వాయించింది ఆమె చెల్లెలి కొడుకు ప్రసాద్. క్యాసెట్లు తయారై రావడానికి ఇంకా నెల ఉందనగా, పలాసలో ఉన్న అన్నకి పంపాలి, ఒక్క కాపీ తియ్యమని టేపు నా చేతిలో పెట్టింది.

ఒకటి తీసి ఇచ్చాను. ఇంకొకటి దాచుకున్నాను. దాన్నుంచి ఎన్ని తీశానో! నా దుకాణంలో ఒక్కటీ పెట్టలేదు, సంతల్లో తిరిగి అమ్మేవాళ్లకిచ్చాను. అత్త క్యాసెట్లు వచ్చేసరికి అవతలి పేట క్యాంప్ 2 దాకా ఇంటింటా ఆ పాటలే. ఇక కొనేదెవరు? అట్టపెట్టెలు ఆమె మంచం కిందే ఉండిపోయాయి.

నా దగ్గరికే వచ్చింది.

"ఎవుడు సేసినాడ్రా ఈ పని? నీకేటైనా తెలుసా?"

"నాకేటి తెలుసత్తా. టేపు ప్రసాద్ భయ్యా దగ్గర కూడా ఉంది కదా."

"మా పెసాదా?" అని స్టూలు మీద కూలబడిపోయింది.

ప్రసాద్ భయ్యా బైబిల్ మీద చెయ్యి పెట్టి చెప్పినా ఆమె నమ్మలేదు, గుమ్మం తొక్కనివ్వలేదు. ఆయన చర్చిలో వాయించడం మానేశాడు. నేను అబద్ధమేమీ ఆడలేదు కదా, టేపు ఆయన దగ్గరా ఉన్న మాట నిజమే కదా అని ఎన్నేళ్లు నన్ను నేను సముదాయించుకున్నాను! పైగా ప్రతి ఆదివారం అత్త నా పేరు చెప్పి ప్రార్థన చేసేది. వింటుంటే ఒళ్లు మండేది. ఆమె మీదా? నా మీదా? నిజం చెప్పేద్దామని ఎన్నిసార్లు వెళ్లానో. టీ ఇచ్చేది. తాగి వచ్చేసేవాణ్ణి. ఒక్క వాక్యం. అరనిమిషం పట్టదు. ఏం మనిషిని నేను?

గత నెల అత్త పోయింది. సమాధుల దగ్గర ప్రసాద్ భయ్యా గేటు బయటే నిలబడ్డాడు. జుట్టంతా నెరిసింది. లోపలికి రమ్మని ఎవరూ పిలవలేదు.

"బాగున్నావేట్రా?" అన్నాడు నన్ను చూసి.

తలూపి వచ్చేశాను. అప్పుడు కూడా.

క్షమించడానికి ఆమె లేదు. ఆయన్ని అడిగే మొహం నాకు లేదు. ఈ కాగితం ఆయనకి ఇస్తానో లేదో, నా మీద నాకే నమ్మకం లేదు. అయినా ఇంతదాకా రాశాను, మిగిలింది కూడా రాసేస్తున్నాను. ఆ కాపీలు తీసింది నేను. ప్రసాద్ భయ్యా కాదు.