బాలమ్మత్త కుట్టిన పలక గుడ్డలు

నిన్న పొద్దున గ్రాంట్ రోడ్‌లో ట్రైన్ దిగుతుంటే ఫోన్ వచ్చింది. బాలమ్మత్త పోయిందట. నిద్రలోనే.

మొన్న సోమవారం నేను పాఠాలు చెప్పే బాల్వాడీకి వచ్చి, పిల్లల పౌచ్‌లకి ఊడిన గుండీలు కుట్టి వెళ్లిన మనిషి.

అక్కడే బెంచీ మీద కూర్చుండిపోయాను. ఏడుపు రాలేదు.

తెలియనివాళ్ల కోసం చెప్తున్నా. అత్తది ముంబై కామాటిపురలో మేముండే చాలే, వరసగా ఒంటి గదులున్న పాత బిల్డింగ్. నాగ్‌పాడాలో ఒక బట్టల కార్ఖానాలో దారాలు కత్తిరించే పని. అక్కడ పారేసే గుడ్డముక్కలు సాయంత్రం సంచిలో వేసుకొచ్చేది. మా క్లాసులో కుర్చీలకి తగిలించే సంచులు, పెన్సిల్ పౌచ్‌లు, పలక తుడిచే గుడ్డలు, అన్నీ ఆమె కుట్టినవే. ఉతుక్కోవడం, మళ్లీ వాడుకోవడం.

కార్ఖానా వేరే చోటికి మారాక ముక్కలు దొరకలేదు. అప్పుడు అత్త, పోయిన మామ లుంగీలు కత్తిరించి పలక గుడ్డలు కుట్టింది. మెత్తటి గుడ్డ, వేస్ట్ ఎందుకని. పోయినవాళ్ల బట్టలు మనం ఇంట్లో ఉంచుకోం కదా. ఆమెకి అది తట్టనే లేదు.

ఆ పచ్చగళ్ల లుంగీని మా చాల్‌లో గుర్తుపట్టనిదెవరు? మా స్టూడెంట్ వాళ్లమ్మ సునీత వచ్చింది. "పోయినోళ్ల బట్ట పోరగాళ్ల చేతికిస్తరా?" అని గుడ్డలన్నీ తీసుకెళ్లి అత్త గడప ముందు పడేసింది.

నేను అక్కడే ఉన్నాను. ఒక్క మాట అనలేదు. రోజూ తల్లులతో పని, గొడవ ఎందుకులే అనుకున్నా.

నెల రోజులు అత్త రాలేదు. పిల్లలు పలకల మీద ఉమ్మేసి, చొక్కాలతో తుడుచుకున్నారు.

తర్వాత ఓ సోమవారం కొత్త కట్ట పట్టుకొచ్చింది. అన్నీ నీలం చీర ముక్కలు.

"ఇది నా చీరనే బిడ్డా. నేనింక జిందా ఉన్న, పోలే గద, ఎవలేమంటరు?"

నవ్వింది కూడా. నేను సారీ చెప్పాల్సింది. చెప్పలేదు.

నిన్న సాయంత్రానికి అంత్యక్రియలు అయిపోయాయి. తాడు మీద ఆరేసిన ఆమె చీరలు ఎవరో తీసి మూట కట్టేశారు.

ఇవాళ పొద్దున సునీత కూతుర్ని దింపడానికొచ్చింది. చేతిలో ఆ నీలం గుడ్డ.

"టీచర్, ఇప్పుడు వీటిని ఏం జేద్దాం?"

ఈసారి ఆమె కోపంగా అడగలేదు. నేనేమో చాలా అలసిపోయి ఉన్నాను. గొడవకి భయపడే ఓపిక కూడా లేదు.

"ఏం జేస్తం సునీతా, పలక తుడుస్తం. మాసినప్పుడు ఉతుకుతం" అన్నాను.

ఆమె గుడ్డని మడిచి, పాప పౌచ్‌లో పెట్టి వెళ్లిపోయింది.

అత్తా, నువ్వు ఉన్నప్పుడు అనాల్సిన మాట ఇవాళ అన్నాను. లేట్ అయింది, మాఫ్ చెయ్యి.

సూది పక్కన పెట్టి ఇక హాయిగా పడుకో.