చీమలు ఇంకా దిగలేదు

రేపల్లె ఎండలకు కుండీల్లో పోసిన నీళ్లు పోసినట్టే కారిపోతున్నాయని, మొన్న డాబా మీది కుండీలన్నిటికీ అడుగు బెజ్జాల్లో గుడ్డపేలికలు కుక్కాను. నా తెలివికి నేనే మురిసిపోయాను కూడా.

ఈ మధ్యాహ్నం మబ్బు తునక లేదు. పక్క డాబా మీద రిటైరైన టీచరుగారు తన కుండీలను ఒక్కొక్కటే పక్కకు పడుకోబెడుతున్నారు.

“ఏంటండి టీచరుగారూ, ఇంత ఎండలో?”

“చీమలు గుడ్లు మోసుకుని గోడెక్కి కిటికీ దాకా వచ్చేశాయమ్మాయ్. నువ్వు కుక్కిన పేలికలు పీకెయ్.”

“ఫోన్‌లో వాన చూపించట్లేదండీ,” అని నవ్వాను.

నాలుగింటికే చీకటి కమ్మింది. అరగంట వానకే కుండీలు బకెట్లలా నిండాయి. తడుస్తూ పేలికలు పీకేలోపు వంగనారు, టమాటానారు నీళ్లలో తేలాయి.

వాన వెలిసి రెండు గంటలైంది. ఆకాశం కడిగినట్టుంది. టీచరుగారు మాత్రం ఒక్క కుండీ కూడా లేపలేదు. ఎందుకని అడిగితే గోడ చూపించారు. మధ్యాహ్నం కిటికీ దగ్గరున్న చీమల బారు ఇప్పుడు డాబా కూడా దాటి, గుడ్లతో సహా నీళ్ల ట్యాంకు పైకి ఎక్కుతోంది.

ఈసారి నవ్వలేదు. నా కుండీలూ పడుకోబెట్టేశాను. మీ గోడల మీద చీమలు ఎందాకా ఎక్కాయో కాస్త చూసి చెప్పండి.