ఎర్ర కమాను దగ్గర సుగుణ మాట

ఆదివారం, మధ్యాహ్నం మూడున్నర. సూర్యాపేటలో మా ఇంటి ముందుగది. ఉన్నది నలుగురం: నేను, నా భార్య సుగుణ, మిర్యాలగూడ నుంచి వచ్చిన మా కూతురి బిడ్డ శ్రావ్య, కోదాడ నుంచి వచ్చిన నా బావమరిది వెంకన్న.

దయ్యాలు, మహిమలు నేను నమ్మను. ఉద్యోగమంతా గొలుసు పట్టి భూములు కొలిచినవాణ్ణి. ఇది మాత్రం ఆ సాయంత్రమే డైరీలో రాసుకున్నది చూసి చెబుతున్నాను.

సుగుణకు పక్షవాతం వచ్చి అప్పటికి ఏడు నెలలు. చెయ్యి, కాలు దారికొచ్చాయి గాని మాట రాలేదు. డాక్టర్ రోజూ పలికించమన్నాడు. నేను కూరగాయల పేర్లు చదివేవాణ్ణి. ఆమె పెదవులు కదిపి, కాసేపటికి మొహం గోడవైపు తిప్పుకునేది. ఇక ఎన్నటికీ మాట్లాడదేమోనని నాకు భయం పట్టుకుంది.

డిగ్రీ చదువుతున్న శ్రావ్య ఆ రోజు మా టీవీకి తన వీడియో గేమ్ తగిలించింది. పాతకాలం జపాన్ కథ, కత్తి పట్టిన ఒక యోధురాలు. కొండ మీద ఎర్రటి కమాను కనిపించింది. దాని వెనక షింటో గుడి, అంటే జపాన్ వాళ్ల దేవుడి గుడి. శ్రావ్య ఆ యోధురాలిని పరుగున మెట్లెక్కిస్తోంది.

"ఆగవే!"

ముగ్గురం వెనక్కి తిరిగాం. మాట్లాడింది సుగుణ.

"కాళ్లు కడుగకుంట గుళ్లెకు పోతవా? ఎడమ దిక్కు బండ ఎనక రాతి తొట్టి ఉంటది, సూడు. కట్టె గరిటె గూడ ఉంటది."

తెర మీద అప్పటికి బండ తప్ప ఏమీ లేదు. శ్రావ్య యోధురాలిని ఎడమకు తిప్పింది. బండ వెనక రాతి తొట్టి. దాని మీద వెదురు గరిటె.

"అక్కా, మాకు చెప్పకుండా జపాన్ ఎప్పుడెళ్లొచ్చావే!" అన్నాడు వెంకన్న, కళ్లు తుడుచుకుంటూ.

శ్రావ్య ఏడుస్తూనే నవ్వింది. "అమ్మమ్మా, ఇందుల బూట్లు ఇడిసే బటన్ లేదే!"

"గదేం ఆటనే, బూట్లిడువనియ్యకుంట!"

నవ్వీ నవ్వీ వెంకన్నకు పొలమారింది. రాత్రి భోజనాల దాకా సుగుణ నోరు మూతపడలేదు.

నేను ఊరుకోలేదు. శ్రావ్యతో మూడుసార్లు మెట్లెక్కించి చూశాను. సుగుణ ఆగమన్న చోట నుంచి తొట్టి కనబడదు. ఆ గుడికి రావడం తనకూ మొదటిసారేనని శ్రావ్య చెప్పింది. సుగుణ విజయవాడ దాటి ఎరగదు.

మర్నాడు ఉదయం మోతెలో ఉన్న వాళ్ల అక్కకు ఫోన్ చేసి గంటసేపు మాట్లాడింది. ఫోన్ పెట్టాక, తొట్టి సంగతి ఎలా తెలిసిందని అడిగాను.

"ఏడు నెలల సంది నా మాట కోసం సూస్తివి. మాటొచ్చినంక తొట్టి గురించి అడుగుతవా?" అంది.

ఆ మాట కూడా డైరీలో రాసుకున్నాను. తొట్టి సంగతి మళ్లీ అడగలేదు.