పైకి లేచే తలుపులు

భద్రాచలం బస్సులో, మరునాడు ఇంజనీరింగ్ కళాశాలలో చెప్పవలసిన నా మొదటి పాఠం చదువుకుంటున్నాను. తప్పు దొర్లుతుందేమోనని భయంగా ఉంది. పాఠంలోని అరుదైన పాత జర్మన్ స్పోర్ట్స్ కారు బొమ్మలను పక్క సీటులోని ఒక వెల్డరు తొంగిచూశాడు.

“తమ్మీ, తలుపులు మీదికెందుకు లేస్తున్నయ్?”

“అందం కోసమండీ.”

ఆయన గొట్టాలతో అల్లిన చట్రం బొమ్మపై వేలు పెట్టాడు. “అందం కాదు. ఈ పక్క పైపులే బండికి బలం. వీటిని కొయ్యలేకనే తలుపును కప్పుకు తగిలించిండ్రు. మిర్చి బస్తాలు ఎక్కించుడు అల్కగైతదని నేను ట్రాక్టర్ ట్రాలీ పక్క పైపులు కోసిన. మొదటి లోడుకే నడుమ వంగింది. మా జూలూరుపాడోళ్లంతా నవ్విండ్రు.”

తానూ నవ్వి, కొత్తగూడెంలో దిగిపోయాడు. నేను పాఠంలో రాసుకున్న ‘అందం కోసం’ అన్న వాక్యం కొట్టివేశాను. ఇప్పటికీ ఆ పాఠంలో ముందు మిర్చి ట్రాలీ గీసి, తరువాతే కారు గీస్తాను.