పర్లేదన్న పిల్ల

ఆమెకి ‘నసక్క’ అని పేరు పెట్టినవాళ్ళెవరో గానీ, అంతకంటే అతికిన పేరు ఇంకొకటి దొరకదు. ఫోను ఎత్తకపోతే ఇంటికొస్తుంది. ఇంట్లో లేరంటే గుమ్మంలో కూర్చుంటుంది. ఆదాయం సర్టిఫికెట్టు తెచ్చావా, ఫొటో దిగావా, దరఖాస్తు మీద హెడ్మాస్టరు సంతకం పెట్టించావా అని ఒకే ప్రశ్నను రకరకాలుగా అడిగి ఎదుటివాళ్ళకి తలప్రాణం తోకకి తెస్తుంది. పిల్లలు విసుక్కుంటారు. విసుక్కుంటూనే వెళ్ళి సంతకం పెట్టించుకొస్తారు.

ఆమె డిగ్రీ రెండో ఏడు ముగించింది. తల్లి బట్టలు ఇస్త్రీ చేస్తుంది. కొట్టు ముందు, ఇల్లు వెనక, మధ్యలో ఒక తెర. కాలేజీ లేని రోజుల్లో నసక్క తల్లి పక్కనే నిలబడి చొక్కాలు మడుస్తుంది. శనివారం సాయంత్రం మాత్రం తాను చదివిన హైస్కూలుకి పోతుంది. అక్కడ సైన్సు గదిలో ‘తోడు’ అని ఒకటి నడుస్తోంది. అందులో మేష్టర్లెవరూ ఉండరు. అదే బళ్ళో, అవే కుంటి బెంచీల మీద చదివి కాలేజీలో పడ్డవాళ్ళు, ఇప్పుడు ఆఖరి తరగతిలో ఉన్నవాళ్ళను ఒక్కొక్కరిని పట్టుకుని కాలేజీ గుమ్మం దాకా నడిపిస్తారు. పెద్దవాళ్ళు చెబితే తలూపే పిల్లలు తమలాంటివాళ్ళు చెబితే వింటారని వాళ్ళ నమ్మకం.

నసక్కకి తన పని తెలుసు. ‘అర్థమైందా?’ అని ఆమె ఎప్పుడూ అడగదు, అడిగితే అందరూ అయిందనే అంటారు కాబట్టి. ‘ఇప్పుడు నువ్వు నాకు చెప్పు’ అంటుంది. ముఖ్యంగా ఆమె పగబట్టిన మాట ఒకటుంది: పర్లేదు. లేనింటి పిల్లల నోట్లో ఆ మాట ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. ఆకలేస్తోందా అంటే పర్లేదు, కళ్ళజోడు విరిగితే పర్లేదు, జ్వరమొస్తే పర్లేదు. కిందటేడు ఆమె చేతికిచ్చిన కుర్రాడు ఒకడు కాలేజీ ఎలా ఉందంటే ‘పర్లేదక్కా’ అన్నాడు. బాగుందన్నాడనుకుని ఆమె సంతోషించింది. అప్పటికే వాడు కాలేజీ మానేసి సిమెంటు బస్తాలు దింపుతున్నాడు. అది తెలిసిన రోజు నసక్క అన్నం ముట్టలేదు. అప్పట్నించి ఆ మాట వినబడితే చాలు, పిల్లిని చూసిన కుక్కలా మీదపడుతుంది.

అంత తెలిసినామె కూడా ఈ ఏడు మళ్ళీ దాని దగ్గరే బోల్తా పడింది.

ఈసారి ఆమె చేతికొచ్చింది గోడౌన్ కాపలాదారు కూతురు. నోట్లో నాలుక లేని పిల్ల. లెక్కల్లో మాత్రం ఆ పిల్లకి ఎదురు లేదు. నసక్క మూడు వరసల్లో చేసే లెక్కను ఒక వరసలో తేల్చేసి, అదేదో తప్పు చేసినట్టు తల దించుకునేది. ఆ పిల్ల ఉండేది ఒక్కటే గది. తండ్రికి రాత్రి డ్యూటీ కనుక పగలంతా ఆయన నిద్రపోవాలి. అందుకని పగలు ఆ ఇంట్లో కిటికీ తెరవరు, గిన్నె చప్పుడు చెయ్యరు, తమ్ముళ్ళు సైగలతో పోట్లాడుకుంటారు. నాన్న నిద్రపోతుంటే కాగితం తిప్పినా చప్పుడేనక్కా అని ఆ పిల్ల ఒకసారి చెప్పింది. మెట్లమీద కూర్చుని చదువుకుంటుందట. వానొస్తే పుస్తకం మూసేయడమే.

కాలేజీలో సీటు వచ్చింది. సీటు రావడం సగం పనే. నసక్క చదివే కాలేజీయే అది. ఊరికి అటు చివర ఉంది, రెండు బస్సులు మారాలి. ప్రాక్టికల్స్ అయ్యేసరికి చీకటి పడుతుంది. ఇంటికి చేరినా ఆ గదిలో పుస్తకం పెట్టుకునే చోటు లేదు. హాస్టలు దొరికితే ఆ పిల్ల చదువుతుంది, దొరక్కపోతే చదువు మధ్యలోనే ఆగిపోతుంది. ఇందులో రెండో మాటకి తావు లేదు. ఇల్లు ఇరుకైనవాళ్ళకి కాలేజీ హాస్టల్లో కొన్ని సీట్లు ఊరికే ఇస్తుంది. చేరే రోజున హాస్టల్ వార్డెను ఒక్కొక్కరినీ పిలిచి అడుగుతుంది, కావాలన్నవాళ్ళ పేరు రాసుకుంటుంది. అంతే పని.

ఆ రోజు వార్డెను గదిలోకి పిల్లనీ, తోడొచ్చిన తల్లినో తండ్రినో తప్ప ఎవర్నీ రానివ్వరు. నసక్క బయట వేపచెట్టుకింద కాచుకుంది. తండ్రీ కూతురూ బయటికొచ్చారు. కాపలాదారు రాత్రి నిద్రలేని కళ్ళతో దండం పెట్టి, డ్యూటీకి ముందు కాస్త నడుం వాల్చాలని బస్సెక్కి వెళ్ళిపోయాడు. ఆయన కనుమరుగయ్యాక నసక్క అడిగింది, హాస్టలు సంగతి ఏమైందని.

“అడిగారక్కా.”

“నువ్వేమన్నావ్?”

“పర్లేదండీ అన్నాను.”

వార్డెను ఇంకేం చేస్తుంది? పర్లేదంటే అక్కర్లేదని రాసుకుని తర్వాతి పిల్లని పిలిచింది.

నసక్క ఆ పిల్లని అక్కడే నిలబెట్టి గడ్డి పెట్టింది. ఎన్నిసార్లు చెప్పాను, ఇంటర్వ్యూలా కూర్చోబెట్టి మరీ అడిగించానా లేదా, అడగనిదే అమ్మైనా పెట్టదని తెలీదా అని కడిగేసింది. ఆ పిల్ల ఏడవలేదు, ఎదురు చెప్పలేదు. బస్సులో వచ్చి వెళ్తానక్కా, అలవాటైపోతుంది అంది. ఆ నెమ్మదితనం చూసి నసక్కకి ఇంకా మండింది. ఆ కోపంలో న్యాయం లేదని నేననను గానీ, గురి మాత్రం తప్పింది.

సామెతలు చెప్పడానికి బాగానే ఉంటాయి. అడగనిదే అమ్మైనా పెట్టదన్న మహానుభావుడి ఇంట్లో అమ్మ దగ్గర పెట్టడానికేదో ఉండి ఉంటుంది. గిన్నె ఖాళీ అని తెలిసిన పిల్లలు అడగరు. అమ్మ లేదని చెప్పాల్సి వస్తుందని అడగరు.

ఆ సాయంత్రం కొట్లో నసక్క విసవిసలాడుతూ బట్టలు మడిచింది. మడతలు వంకరపోతుంటే తల్లి ఒక్కొక్కటీ లాక్కుని మళ్ళీ మడిచింది. ఏమైందని అడిగితే నసక్క జరిగిందంతా చెప్పుకొచ్చింది. ఇంత చదివీ నోరు పెగలకపోతే ఎవరేం చెయ్యగలరు అంది.

తల్లి ఇస్త్రీపెట్టె పక్కన నిలబెట్టి అడిగింది, ఆ పిల్ల పక్కన ఎవరున్నారని.

వాళ్ళ నాన్న అని చెప్పింది నసక్క.

“మరి తండ్రిని పక్కన కూచోబెట్టుకుని, మా ఇంట్లో నాకు చోటు లేదని ఎలా చెబుతుందే? నువ్వు చెప్పావా?”

నసక్క చేతిలో చొక్కా అలాగే ఉండిపోయింది. చెప్పలేదు. రెండేళ్ళ కిందట డిగ్రీలో చేరిన రోజున అదే గదిలో, అదే వార్డెను ముందు, ఆమె కూడా పర్లేదండీ అంది. అప్పుడు పక్కన కూర్చున్నది తల్లి. అమ్మ ఒంటరిదైపోతుందని వద్దన్నానని ఇన్నాళ్ళూ అందరికీ చెప్పుకుంది. తనకి తాను కూడా అదే చెప్పుకుంది. అప్పట్నించి రోజూ బస్సులో నిలబడి వెళ్తోంది, నిలబడి వస్తోంది, నిద్రలో తూలి కడ్డీకి తల కొట్టుకుంటోంది.

“నాకు తెలుసు అబద్ధమని,” అంది తల్లి. “తెలిసే ఊరుకున్నాను. మన ఇల్లెంత ఉందో ఆ వార్డెను ముందు చెప్పుకోవాల్సిన పని తప్పిందని సంతోషించాను కూడా. పొద్దున్నే నువ్వు బస్సుకి పరిగెడుతుంటే చూసినప్పుడల్లా ఆ సంతోషం నన్ను కాల్చుకు తింటోందమ్మా.”

తల్లి మళ్ళీ పెట్టె అందుకుంది. ఇద్దరూ మిగిలిన బట్టలు పూర్తిచేశారు. తల్లిమీద కోపం వస్తుందేమోనని నసక్క ఎదురుచూసింది గానీ రాలేదు. జాలి వచ్చింది, అది కోపం కంటే బరువుగా ఉంది.

మర్నాడు పొద్దున్న ఆమె ఆ పిల్ల దగ్గరికి పోలేదు. డ్యూటీ దిగే వేళకి గోడౌన్ గేటు దగ్గరికి వెళ్ళి కాపలాదారు కోసం నిలబడింది. తోడులో ఎవరూ ఇలా చెయ్యరు. పిల్లలతో పిల్లలే మాట్లాడాలి, ఇంటి పెద్దల జోలికి పోకూడదన్నది వాళ్ళు పెట్టుకున్న నియమం. ఆ నియమం పెట్టినవాళ్ళలో నసక్క కూడా ఉంది.

కాపలాదారు మర్యాదగానే పలకరించాడు. విషయం వినేకొద్దీ ఆయన ముఖం మారింది. కూతురికి ఇంత చోటు ఇవ్వలేని వాణ్ణనుకుంటున్నావా అని గట్టిగానే అడిగాడు. దాని నోటితో అది వద్దంది, మధ్యలో నీకెందుకు అన్నాడు. ఆమె నస పెట్టడం తోటిపిల్లల మీదే గానీ, తండ్రి వయసు మనిషితో వాదించిన అలవాటు లేదు. అయినా కదల్లేదు.

“మీరు పక్కనున్నారని వద్దంది బాబాయ్. నేనూ మా అమ్మ పక్కనుందని వద్దన్నాను. మా అమ్మకి తెలుసు. ఇప్పటికీ బాధపడుతోంది. మీరలా బాధపడకూడదని వచ్చాను.”

ఆయన గేటు గొళ్ళెం పట్టుకున్నాడు. పగటి డ్యూటీ మనిషి వచ్చి తాళాలు అడిగితే ఇచ్చేశాడు. తర్వాత ఇంటికెళ్ళి నిద్రపోకుండా కూతుర్ని లేవదీశాడు. ముగ్గురూ కలిసి కాలేజీకి వెళ్ళారు; నిన్నటి రద్దీ లేదు కనుక నసక్కనీ వార్డెను గదిలోకి రానిచ్చారు.

వార్డెను చెడ్డ మనిషి కాదు, పనిలో మునిగిన మనిషి. నిన్న అయిపోయిన పేర్లు మళ్ళీ మొదటికి రావని ముందే చెప్పేసింది. నసక్క తన తీరున మొదలెట్టింది. అదే మాట ఈ వైపు నుంచి ఆ వైపు నుంచి చెబుతూ పోయింది. చివరికి ఆవిడ చెయ్యెత్తి ఆపింది. ఎవరో రాకపోవడంతో ఒక మంచం మిగిలిందంది. అయితే వేరేవాళ్ళు చెబితే రాసుకోనని, కావాలో వద్దో పిల్లే చెప్పాలని, మళ్ళీ మాట మారిస్తే తనవల్ల కాదని అంది.

పిల్ల తల దించుకుంది. ఒక్క మాట అందించాలని నసక్కకి నాలుక పీకుతోంది. పళ్ళ మధ్య నొక్కిపట్టింది. పిల్ల ఓరకంట తండ్రిని చూసింది. ఇంకోసారి ఆ పాడు మాటే వస్తుందని నసక్కకి అర్థమైపోయింది.

అప్పుడు కాపలాదారు కుర్చీలోంచి లేచాడు. చేతులు కట్టుకున్నాడు.

“మా ఇంట్లో దానికి చోటు లేదండీ,” అన్నాడు. “ఉన్నది ఒక్క గది. పగలు నేను పడుకుంటాను. అది చదవాలంటే నేను మేలుకోవాలి. నేను మేలుకుంటే రాత్రి కునుకు పడుతుంది, ఉద్యోగం పోతుంది. ఇన్నేళ్ళూ అది మెట్లమీదే చదివిందండీ. అది చెప్పలేదు. నేనూ చూడనట్టే ఉన్నాను.”

ఆయన కూతురి వైపు తిరగలేదు. గోడవైపు తిరిగి నిలబడ్డాడు, తన ముఖం ఆ పిల్లకి కనపడకుండా.

“కావాలండీ,” అంది పిల్ల. “నాకు హాస్టలు కావాలి.”

వార్డెను పేరు రాసుకోవడం మొదలుపెట్టింది. మాట స్పష్టంగానే వచ్చింది, ఆవిడకీ నసక్కకీ వినపడింది. గోడవైపు తిరిగి ఉన్న మనిషికి కూడా వినపడే ఉంటుంది.

“ఇంకొంచెం గట్టిగా చెప్పమ్మా,” అన్నాడాయన.