సింహాచలానికి పెట్టిన పంచె

పోయిన నెల మా మేనల్లుడు రమణ ఫోన్ చేశాడు. బొబ్బిలి దగ్గర మా మెట్టభూమిలో వంశపు పెద్ద సింహాచలంగారి పేర రాయి నిలబెడుతున్నారట. "సదువుకున్నదానివి గదత్తా, కింద సెక్కడానికి నాలుగు ముక్కలు రాసీ" అన్నాడు. డెబ్బై దాటాక దొరికిన ఉద్యోగం. మా ఇంట్లో ఉన్న రికార్డులు రెండే: రమణ లామినేషన్ చేయించిన వంశవృక్షం, పాత పట్టా. రెంటిలోనూ "సింహాచలం" అన్న ఒక్క మాటే. తనకి అన్న అనీ, రంగం వెళ్లి సంపాదించి ఆ భూమి కొన్నాడనీ మా తాత చెప్పేవాడు. రంగూన్‌ని మావాళ్లు రంగం అంటారు. ఏటా పెద్దలకి బట్టలు పెట్టే రోజున ఆ పేర తాతే స్వయంగా పంచె పెట్టేవాడు. ఆ భూమి పంటతోనే నేను బీయే చదివాను. రాసే నాలుగు ముక్కలూ నిజం రాద్దామని, ఓ కొత్త పంచె సంచిలో పెట్టుకుని బయల్దేరాను.

విజయనగరం కాంప్లెక్సులో ఉదయం ఏడున్నరకి బస్సెక్కాను. ఆధార్ కార్డు చూసి నేను ఆడదాన్నేనని కండక్టరు ఒప్పుకుని సున్నా టికెట్టు కొట్టాడు. గంటన్నర పైనే పట్టింది. బొబ్బిలిలో ఇడ్లీ తిని, ఊరికి రానూపోనూ నాలుగొందలకి ఆటో బేరమాడాను.

"ఎవులింటికమ్మా?" అన్నాడు డ్రైవరు.

"సింహాచలం అని, ఎప్పుడో పోయాడులే."

"నా పేరూ సింహాసెలమేనమ్మా. మా అత్త పేరూ అదే. మాయావిడ ఇద్దర్లో ఎవుల్ని తిడతన్నాదో తెల్దు."

నవ్వాను. అప్పటికీ బుర్ర వెలగలేదు. బీయే కదా.

ఊళ్లో దూరపు చుట్టం నరసమ్మ పిన్ని అరుగు మీద చింతపిక్కలు తీస్తోంది. తొంభైకి దగ్గర పడింది గాని నోటికి మాత్రం వయసు రాలేదు. సంచిలో పంచె చూసి, "ఇదేటే? సీర తేనేదా?" అంది.

"పెద్దతాతకి చీరేమిటి పిన్నీ?"

"తాతేటే నీ మొకం! సింహాసెలం ఆడమనిసి. మీ తాతకి అక్క."

మొగుడు పోయాక చంటి కూతురితో ఓడెక్కిందట. ఈ ఊరినుంచి మగతోడు లేకుండా సముద్రం దాటిన మొదటి ఆడది. ధాన్యం మిల్లులో పనిచేసి తమ్ముడికి డబ్బు పంపితే, ఆమె పేరనే భూమి కొన్నాడు. జపాను యుద్ధం వచ్చాక కూతురితో అడవులు పట్టి ఇంటివైపు నడిచింది. కూతురు దారిలోనే పోయింది. ఈమె ఇల్లు చేరింది.

"మీ తాత గుమ్మం ఎక్కనివ్వనేదే. ఒంటిగా రంగమెల్లినదాన్ని ఇంట్లో ఎడితే మా ఆడపిల్లల్ని ఎవులు సేసుకుంటారన్నాడు. పొలంలో పాకేసుకున్నాది. మాయమ్మ సోడంబలి అట్టుకెల్లేది. ఓ వానాకాలం ఎట్టిన ముంత ఎట్టినట్టే ఉండిపోనాది."

అంటే పంచె పొరపాటున పెట్టింది కాదు. పంచె పెట్టేచోట భూమి ఏ ఆడదానిదని ఎవరూ అడగరు.

పొలానికి వెళ్లేసరికి రమణా, శిల్పీ అక్కడే ఉన్నారు. రాతి మీద తలపాగా, మీసం. దగ్గరికెళ్లి చూద్దును కదా, మా తాత ముఖం!

"పోలిక ఉంటాది గదా అని తాత ఫోటో ఇచ్చాను" అన్నాడు రమణ.

విన్నదంతా చెప్పాను. వాడు తల వంచుకుని, "రాయి నిలబెడతన్నామని పిలుపు కార్డులు పంచేశానత్తా, మీసం తీయించేద్దాం" అన్నాడు.

"ముఖమే తీయించు."

శిల్పి ఉలి దించాడు. "గుంట పడిపోతాదమ్మా."

"పడనీ నాయనా. కింద ఇలా చెక్కు: ఈ భూమి సింహాచలమ్మది. రంగం వెళ్లి సంపాదించింది. మేం తిన్నాం."

"రాయిమీద తిన్నాం అంటే బాగోదత్తా!"

"తిన్నప్పుడు బాగుందిగా."

రమణ రాతి ముందునుంచి పక్కకి తప్పుకున్నాడు. ఉలి మొదటి దెబ్బ మీసం మీద పడింది.

నా చేత అక్షరాలు దిద్దించింది ఆ తాతే. ఆ చేత్తోనే అక్క మొహాన తలుపేశాడు. తిరుగు బస్సులో ఈ రెంటినీ ఒక మనిషిలో కూర్చోబెట్టాలని చూశాను, కుదరలేదు. పంచె ఆటో సింహాచలానికి ఇచ్చేశాను, ఆ పేర తెచ్చిందే కదా. మా వైపు పూర్వీకులని వెతుక్కుంటూ వచ్చేవాళ్లకి ఒక్క సలహా: కాగితాల మీద పేరు చూసి ఆగిపోకండి. ఆ పెద్దకి మీ ఇంట్లో ఏం పెడతారో, ఊళ్లోవాళ్లు ఏం పెట్టాలంటారో, పంచో చీరో, రెండుచోట్లా అడగండి.