బూ నాసర్ మొదటి రివాల్వర్

2018 సెప్టెంబరులో మా కంపెనీ నన్ను దోహా శివార్లలోని షూటింగ్ క్లబ్బుకు ఆర్మరీ స్టోర్ ఇన్‌ఛార్జిగా బదిలీ చేసింది. అంతకుముందు నా పని సైట్లలో సిమెంటు, కడ్డీల లెక్క చూడటం. తాడేపల్లిగూడెం దగ్గర పల్లెటూర్లో పదో తరగతితో బడి మానేసినా అంకెల మీద ఇష్టం పోలేదు. నాకు వచ్చిన లెక్కంతా స్టోర్లలో నిలబడి సొంతంగా నేర్చుకున్నదే. తుపాకిని మాత్రం బ్యాంకు కాపలాదారు భుజాన తప్ప చూసి ఎరగను.

ఆర్మరీ అంటే ఆయుధాలు భద్రపరిచే గది. రేంజ్ ఆఫీసర్ సంతకం లేకుండా అక్కడి నుంచి ఏదీ బయటికి పోదు, నా సంతకం లేకుండా ఏదీ లోపలికి రాదు. కాల్చడం వరకు ఆయన శాఖ, ఆ తర్వాత జరిగేదంతా నా శాఖ. నా కింద ఉన్నది ఒక్కడే, రాజన్న. నిర్మల్ వైపు మనిషి, బర్వా అల్ బరాహా అనే కార్మికుల క్యాంపులో ఉండేవాడు. సైటు నుంచి నాతోపాటే వచ్చాడు. కొత్త డ్యూటీ సంగతి ఫోన్లో ఇంటికి చెబితే వాళ్ళావిడ, "దుబాయ్‌ల పోలీసోళ్ళల్ల చేరినవా?" అని అడిగిందట; వాళ్ళ ఊరివాళ్ళకు గల్ఫ్ అంతా దుబాయే.

"లేదే, తుపాకులకు తానం పోస్తున్న" అన్నాడట మావాడు.

అందులో అతిశయోక్తి ఏమీ లేదు. మా క్లబ్బులో బ్లాక్ పౌడర్ విభాగమని ఒకటి ఉండేది. బ్లాక్ పౌడర్ అంటే పాతకాలపు తుపాకిమందు. దానితో పేలే రివాల్వర్లు నూట యాభై ఏళ్ళనాటి నమూనాలను చూసి ఇప్పుడు కొత్తగా చేసినవి. వీటికి తూటాలుండవు. సిలిండర్‌లో ఆరు గదులుంటాయి. ఒక్కో గదిలో కొలిచి మందు పోయాలి, సీసపు గుండు పెట్టి కూరాలి, వెనక చిన్న రాగి టోపీ తొడగాలి. దాన్ని క్యాప్ అంటారు. సుత్తి ఆ క్యాప్ మీద పడితే నిప్పు రేగుతుంది. ఆరు గదులున్నా జాగ్రత్త కోసం ఐదే నింపి, ఖాళీ గది మీద సుత్తి ఆనించి ఉంచుతారు. కాల్చాక మిగిలే మసి తేమను పీల్చుకుంటుంది. దోహా గాలిలో తేమకు కరువు లేదు కాబట్టి ఆ సాయంత్రమే వేడి సబ్బునీళ్ళతో కడిగి, తుడిచి, ఆరబెట్టి, నూనె రాయకపోతే తెల్లారేసరికి ఎర్రటి తుప్పు.

కడగడం అనే మాట సభ్యులకు పడేది కాదు. ఒకాయన తన రివాల్వర్ కడగమని డ్రైవరుకు ఇచ్చి వెళ్ళిపోయాడు. ఆ డ్రైవరు దాన్ని కారు డిక్కీలో పెట్టి మరిచిపోయాడు. వారం తర్వాత సిలిండర్ తిరగలేదు. దాంతో క్లబ్బు కార్యదర్శి నాసర్ గారు రూలు పెట్టారు. బ్లాక్ పౌడర్ విభాగంలో చేరేవాళ్ళు తమ రివాల్వర్ తామే కడగాలి. నెల తిరిగాక తనిఖీ ఉంటుంది. అందులో తుప్పు కనబడితే విభాగం నుంచి పేరు తీసేస్తారు, మళ్ళీ చేర్చుకోరు.

ఆ రూలు కింద మొదట వచ్చిన మనిషి నాసర్ గారి సొంత తండ్రి.

ఆయన్ని అందరూ బూ నాసర్ అనేవారు, నాసర్ తండ్రి అని అర్థం. అల్ ఘర్రాఫాలో పెద్ద విల్లా, ముగ్గురు కొడుకులు. ముగ్గురూ 2022 ఫుట్‌బాల్ వరల్డ్ కప్ కోసం ఏదో ఒక పనిలో తలమునకలుగా ఉండేవారు. ఆయన సాయంత్రాలు కూర్చునే పాత రేవు పక్కన పనుల కోసం రేకులు అడ్డం కట్టేశారు. ఊరంతా పరుగులు తీస్తుంటే పనీ, కూర్చునే చోటూ లేని మనిషి ఆయన ఒక్కరే. ఒకనాడు మా క్లబ్బుకు వచ్చి, ఎవరో బ్లాక్ పౌడర్ కాలుస్తుంటే ఆ తెల్లటి పొగను, మందు పోసి కూరే ఆ నిదానాన్ని చూసి, తనకిదే కావాలన్నారు. తండ్రి ఇంట్లో మంచినీళ్ళ గ్లాసు కూడా కడిగి ఎరగరని కొడుకుకు తెలుసు. అయినా వద్దనలేదు. అందరికీ ఉన్న రూలే మీకూ, పర్మిట్ ఒక్కదానికే, అర్జీ పైకి వెళ్ళాక మోడల్ మార్చడానికి వీల్లేదు అని చెప్పారు. ఏది ఎంచుకోవాలో చూపించే పని నాకు అప్పగించారు.

క్లబ్బులో నమూనాకు మూడు రివాల్వర్లు ఉండేవి. మొదటిది పాయింట్ నాలుగు నాలుగు, అంటే గొట్టం రంధ్రం అంగుళంలో వందకు నలభై నాలుగు వంతులు. దానికి సిలిండర్ పైనుంచి ఇనుప పట్టీ ఉంటుంది, చట్రమంతా ఒకే ముక్క. సన్నటి ఇరుసు ముందుకు లాగితే సిలిండర్ పక్కకు దొర్లి వస్తుంది. రెండోది పాయింట్ మూడు ఆరు. దానికి పై పట్టీ లేదు. గొట్టాన్ని చట్రానికి బిగించి ఉంచేది అడ్డంగా దిగిన ఒక ఇనుప చీల మాత్రమే. మూడోది కూడా నాలుగు నాలుగే, చట్రం ఇత్తడి, గొట్టం పొడుగు, పిడి నిండా నగిషీ.

నేను సైటు అలవాటు కొద్దీ పట్టిక వేశాను. బరువు, గురి చూసే గాడి, విప్పే భాగాలు, మన్నిక, మొదటిసారివాళ్ళు పాడుచేసే అవకాశం. ఒక్కోదానికి పదికిన్ని మార్కులు. పై పట్టీ ఉన్నదానికి అన్నింటికంటే ఎక్కువ వచ్చాయి. చీల ఉన్నదానికి చివరి గడిలో రెండే వేశాను. కొత్తవాళ్ళు ఆ చీలను ఇనుప సుత్తితో బాది అంచులు చెడగొడతారు, లేదా మరీ లోతుకు దించి సిలిండర్ బిగుసుకుపోయేలా చేస్తారు. పైగా పేలిన క్యాప్ ముక్కలు లోపలికి జారుతుంటాయి. మొదటి రివాల్వర్‌కు పై పట్టీ ఉన్నదే మేలని రేంజ్ ఆఫీసర్ కూడా అనేవారు.

బూ నాసర్ పట్టిక చూడలేదు. తిన్నగా ఇత్తడిదాని దగ్గరికే వెళ్ళారు.

"గిది బిందె లెక్క మెరుస్తది సార్. చింతపండు వెట్టి తోమాలె" అన్నాడు రాజన్న నా చెవిలో.

ఇత్తడి మెత్తనిదనీ, నిండు మోతాదులతో ఏళ్ళ తరబడి కాలిస్తే చట్రం సాగి గొట్టం వదులవుతుందనీ చెప్పాను. ఆయన నిట్టూర్చి దాన్ని బల్ల మీద పెట్టారు. నా లెక్కలో గెలిచినదాన్ని చేతికిచ్చాను. పట్టుకోగానే ముఖం చిట్లించారు. ట్రిగ్గరు కాపుకూ పిడికీ మధ్య ఆయన నడిమి వేలి కణుపు ఇరుక్కుంది. నావి సన్నటి వేళ్ళు, నాకు తగల్లేదు. ఆయనవి మోకుల్లాంటి వేళ్ళు.

"రత్నం, తుమ్ హిసాబ్ బహుత్ కర్తా" అన్నారు గల్ఫ్ హిందీలో. "మేరా హాథ్ కా హిసాబ్ కిదర్?"

అడిగింది న్యాయమే. నా పట్టికలో ఆయన చేతికి గడి లేదు. అయితే కణుపు నొప్పి ఓర్చుకోవచ్చు గానీ తుప్పుకు క్షమాపణ లేదు. ఆయన విభాగంలో ఉంటారా లేదా అన్నది కాల్చడం మీద కాదు, కడగడం మీద ఆధారపడి ఉంది. అందుకని ఒక్క గుండూ పేలకముందే, ఇత్తడిది పోగా మిగిలిన రెంటినీ ఆయన చేతనే కడిగించాలని నిర్ణయించాను. చెప్పగానే ఆయన నన్ను కిందికీ పైకీ చూసి, పొడుగు అంగీలాంటి దిష్‌దాషా చేతులు మడిచారు.

"ముసలాయన తుపాకి కొనెతందుకు అచ్చిండా, బోళ్లు తోమెతందుకు అచ్చిండా సార్?" అని నాతో అని, ఆయన వైపు తిరిగి, "బాబా, ఇధర్ ఆవ్" అంటూ రాజన్న తొట్టి దగ్గర చోటిచ్చాడు.

వేడినీళ్ళకు మేమెప్పుడూ పొయ్యి వెలిగించలేదు. ఆ ఎండల కాలంలో చన్నీళ్ళ కుళాయి తిప్పితే మేడమీది ట్యాంకులో ఎండకు కాగిన నీళ్ళే వస్తాయి. చన్నీళ్ళు కావాలంటే గీజర్ ఆపేసి వేడినీళ్ళ కుళాయి తిప్పాలి.

పై పట్టీ ఉన్నదాన్ని ముందు ఇచ్చాను. సిలిండర్ చులాగ్గా వచ్చేసింది. కానీ గొట్టం చట్రానికి అతుక్కునే ఉంది కదా, మొత్తంగా నీళ్ళలో ముంచాల్సి వచ్చింది. ఆయన దాన్ని ఎత్తి చెవి దగ్గర ఊపారు. లోపల సుత్తీ స్ప్రింగులూ ఉండే గూట్లో నీళ్ళు కదిలాయి. ఆరబెట్టాలంటే పిడి చెక్కలు విప్పాలన్నాను. ఆయన తల అడ్డంగా ఊపారు. కంటికి కనబడని చోటికి నీళ్ళు వెళ్ళకూడదట. ఉప్పుగాలి ముందు తినేది ఆ చోటునేనట.

తర్వాత చీల ఉన్నది. ఇచ్చే ముందు జాగ్రత్తలు చెప్పబోయాను. ఆయన వినలేదు. ఈ పిడి దగ్గర ఆయన కణుపు ఇరుక్కోలేదు. బొటనవేలితో చీలను తడిమి, చిన్నగా నవ్వి, చెక్క సుత్తి కావాలన్నారు. టక్, టక్. మూడో దెబ్బకు చీల పక్కకు జరిగింది, గొట్టం చేతిలోకి వచ్చింది. గొట్టమూ సిలిండరూ నీళ్ళలోకి, గూడు పొడిగా బల్ల మీదికి. కడిగి, ఆరబెట్టి, తిరిగి బిగించేటప్పుడు చీలను కొడుతూ చెవి వంచి విన్నారు. దెబ్బ చప్పుడు బోలుతనం పోయి గట్టిపడగానే ఆపేశారు. సిలిండర్ తిప్పి చూశాను. గీసుకోలేదు, వదులూ లేదు.

ఎలా తెలుసని అడిగాను. వయసులో ఉన్నప్పుడు ఆయన మేనమామ దగ్గర పడవలు కట్టేవారట. పడవ పనిలో సగం చీలలు కొట్టడమేనట.

"అరే బాబా! ముందుగల్ల చెప్పొద్దా?" అన్నాడు రాజన్న. తెలుగు అర్థం కాకపోయినా బూ నాసర్ నవ్వారు.

అర్జీలో పాయింట్ మూడు ఆరు అని రాసి నాసర్ గారి ముందు పెట్టాను. మీ పట్టిక ఇంకోటి చెబుతోంది కదా అన్నారాయన. ఆ పట్టిక ముక్కూ మొహం తెలియని మనిషి కోసం వేసింది, ఈయన కోసం కాదు అన్నాను. నమ్మకం కుదరకపోయినా సంతకం పెట్టారు.

చలి మొదలయ్యాక రివాల్వర్ వచ్చింది. బూ నాసర్ వారానికి రెండుసార్లు వచ్చేవారు. క్యాప్ ముక్కలు రెండుసార్లు లోపల పడి సుత్తి ఆగింది, నేను భయపడినట్టే. ఆయన ఓపిగ్గా వాటిని ఏరి తీసేశారు. కాల్చేదానికంటే తొట్టి దగ్గర రాజన్నతో గడిపేదే ఎక్కువ. ఇద్దరూ ఏ భాషలో ఏం మాట్లాడుకునేవారో నాకు పూర్తిగా తెలియదు. ఒకసారి మాత్రం రాజన్న ఆయన్ని, "క్యా బాబా, ఘర్ మే బర్తన్ భీ ధోతా?" అని అడగడం, "మాఫీ! సిర్ఫ్ ఇధర్!" అని ఆయన కసురుకోవడం విన్నాను. అరబ్బీలో మాఫీ అంటే లేదని; ఇంట్లో గిన్నెలు కడగను, కడిగేది ఇక్కడే అని అర్థం.

తనిఖీ రోజు నాసర్ గారు స్వయంగా వచ్చారు. ముందు రెండు రోజులూ పొగమంచు, గోడలు కూడా చెమ్మగిల్లాయి. రాజన్న పొద్దున్నుంచీ ఒక్క జోకూ వేయలేదు. తండ్రి బల్లకు ఆ వైపు చేతులు కట్టుకుని నిలబడ్డారు. నాసర్ గారు గొట్టం విప్పబోయారు. చీల కదల్లేదు. ఇంకాస్త గట్టిగా కొట్టారు. కదల్లేదు.

"ఇధర్ నై, ఉధర్ సే" అన్నారు తండ్రి, మాకూ అర్థం కావాలని కొడుకుతో కూడా గల్ఫ్ హిందీలోనే. కొడుకు కొడుతున్నది చీల వెలుపలికి వచ్చే వైపు కాదు, లోపలికి దిగే వైపు. బూ నాసర్ చెక్క సుత్తి అందుకుని అవతలి వైపు నుంచి మూడు దెబ్బలు వేశారు. గొట్టం ఊడి వచ్చింది. నాసర్ గారు తెల్లగుడ్డను కడ్డీకి చుట్టి గొట్టంలో దూర్చి లాగి, కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి తిప్పి తిప్పి చూశారు. నూనె మరక తప్ప ఏమీ లేదు. ఆరు గదులూ చూశారు, గూడు చూశారు. చివరికి ఫారం మీద సంతకం పెట్టారు.

ఇక కానిమ్మన్నట్టు "యల్లా" అన్నారు తండ్రి, ఇంకో తెల్లగుడ్డ చేతిలోకి తీసుకుని. "అబ్ తుమారా వాలా లావ్."

నాసర్ గారి సొంత పిస్టల్ కొత్తరకం, రూలు కిందికి రాదు. అయినా తండ్రి మాట కాబట్టి లాకర్ నుంచి తెప్పించారు. గుడ్డ నల్లగా వచ్చింది.  రాజన్న తొట్టి వైపు తిరిగి, తిప్పాల్సిన పని లేకపోయినా కుళాయి తిప్పాడు.

ఆ తర్వాత నాలుగేళ్ళు, వరల్డ్ కప్ అయ్యేదాకా, మొదటి బ్లాక్ పౌడర్ రివాల్వర్ కోసం వచ్చినవాళ్ళకు నేనే చూపించాను. పట్టిక మానలేదు. చాలామందికి పై పట్టీ ఉన్నదే సరిపోయింది, అదే ఇప్పించాను. మారింది వరుస. ముందు చేతిని పిడి మీద పెట్టించేవాణ్ణి. తర్వాత తొట్టి దగ్గరికి తీసుకెళ్ళి కడిగించేవాణ్ణి. ఆ చేతులు ఇంతకుముందు ఏ పని చేశాయో అడిగేవాణ్ణి. మార్కులు వేయడం ఆ తర్వాతే.